ఊరి ఆసుపత్రికి ఏం రావాలి? ఎవరిని అడగాలి?

మన బులెటిన్ చదివే విద్యార్థుల్లో నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్, వైద్య కోర్సుల్లో ఉన్నవారు చాలామంది. వారి తల్లిదండ్రుల్లో ఎక్కువమంది చిన్న ఊళ్ళలోనే ఉంటున్నారు. బళ్ళారి పల్లెల్లో గానీ, హోసూరు పక్కన గానీ, రాయగడ కొండల కింద గానీ, సిరోంచలో గానీ, యానాంలో గానీ జబ్బు చేస్తే మొదట చేరేది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికే. నేను ముప్పై ఏళ్ళకు పైగా అలాంటి కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేశాను. అడగందే అమ్మయినా పెట్టదని పెద్దలు ఊరికే అనలేదు. చాలాచోట్ల పథకం ఉంది, డబ్బూ ఉంది, అడిగే మనిషే లేడు. అందుకే ఊరి ఆసుపత్రికి న్యాయంగా ఏమేమి రావాలో, మన పిల్లలకు అక్కడ ఏ దారులు ఉన్నాయో తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాను.

లెక్క ఏమిటి?

మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో ఈ లెక్క 3,000, 20,000, 80,000. మహారాష్ట్రలో సామాజిక కేంద్రం స్థాయి ఆసుపత్రిని గ్రామీణ రుగ్ణాలయం అంటారు. పేరు ఏదైనా లెక్క అదే.

ఒక్కో కేంద్రంలో ఎంతమంది సిబ్బంది, ఏ పరికరాలు, ఏ మందులు ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణాలు 2007లో వచ్చాయి. వాటిని 2012లోనూ, 2022లోనూ సవరించారు. ఇవి కాగితం మీద బాగానే ఉన్నాయి. ఆచరణలో పెద్ద లోటు నిపుణులది. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గణాంకాల ప్రకారం గ్రామీణ సామాజిక కేంద్రాలకు కావలసిన సర్జన్లు, కాన్పుల డాక్టర్లు, పిల్లల డాక్టర్లు, ఫిజీషియన్లలో దాదాపు 80 శాతం కొరత ఉంది. కాన్పు కష్టమైతే రాత్రికి రాత్రి జిల్లా కేంద్రానికి పరుగెత్తవలసి రావడానికి కారణం ఇదే.

డబ్బు ఏ దారిన వస్తుంది?

2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ (2013 నుంచి జాతీయ ఆరోగ్య మిషన్) ఒక మంచి పని చేసింది. పై ఆఫీసు అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూడకుండా, స్థానిక అవసరాలకు అక్కడికక్కడే ఖర్చు పెట్టుకొనే నిధి ఇచ్చింది. దీన్నే అన్‌టైడ్ ఫండ్ అంటారు. మొదట్లో ఉపకేంద్రానికి ఏడాదికి రూ.10,000గా ఉన్న ఈ నిధి, ఆయుష్మాన్ భారత్ కింద అభివృద్ధి చేసిన ఉపకేంద్రాలకు రూ.50,000 అయింది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి వేరుగా రూ.10,000 నిర్ణయించారు.

ప్రాథమిక కేంద్రం నుంచి పైస్థాయి ఆసుపత్రుల వరకు ఈ ఖర్చు నిర్ణయించేది రోగి కళ్యాణ్ సమితి. 1990ల మధ్యలో ఇండోర్‌లోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రిలో మొదలైన పద్ధతి ఇది. కర్ణాటకలో దీన్ని ఆరోగ్య రక్షా సమితి అని, మహారాష్ట్రలో రుగ్ణ కళ్యాణ్ సమితి అని అంటారు. తమిళనాడులో ఇది రోగుల సంక్షేమ సంఘం. అధికారులతో పాటు స్థానిక ప్రజాప్రతినిధులకు, ఊరి పెద్దలకు ఇందులో చోటు ఉంటుంది.

నేను పనిచేసిన ఒక కేంద్రంలో కాన్పు గదికి నీళ్ళు ఎక్కేవి కావు. ఆయమ్మ బిందెలతో మోసేది. మోటారు బాగు చేయించడానికి సరిపడా డబ్బు సమితి ఖాతాలో ఉంది. కానీ ఏడాదిగా సమావేశం జరగలేదు, తీర్మానం లేనిదే చెక్కు రాదు. చివరికి కొత్తగా ఎన్నికైన పంచాయతీ సభ్యురాలు ఒకామె వచ్చి, "సమావేశం ఎప్పుడు పెడతారండీ?" అని వరుసగా మూడు వారాలు అడిగింది. నాలుగో వారం సమావేశం జరిగింది. ఆ నెలలోనే కుళాయిలో నీళ్ళు వచ్చాయి. ఆమె పెద్ద చదువు చదువుకున్న మనిషి కాదు. ఖాతా ఉందని తెలిసిన మనిషి, అంతే.

శుభ్రతకూ బహుమతి ఉంది. 2015లో మొదలైన కాయకల్ప్ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులను తనిఖీ చేసి మార్కులు వేస్తారు, బాగున్నవాటికి నగదు బహుమతి ఇస్తారు. ఇంతకంటే విస్తృతమైన జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువీకరణ పొందిన కేంద్రాలకు కూడా ప్రోత్సాహక నిధులు ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. దీన్నిబట్టి ఆసుపత్రి సంగతి పంచాయతీకి కూడా సంబంధించినదని గుర్తుంచుకోవాలి.

సరిహద్దు దాటితే కార్డు చెల్లుతుందా?

మనబోటి కుటుంబాలకు ఇది ముఖ్యమైన ప్రశ్న. యానాం వారికి పెద్ద ఆసుపత్రి అంటే కాకినాడ. కోరాపుట్, రాయగడల నుంచి విశాఖపట్నం వస్తారు. సిరోంచ వారు వరంగల్ వెళతారు. ఇవన్నీ వేరే రాష్ట్రాలు.

2018 సెప్టెంబరు 23న మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఉచితం. పథకం అమలులో ఉన్న ఏ రాష్ట్రంలోనైనా, జాబితాలో చేరిన ఆసుపత్రిలో ఆ కార్డు చెల్లుతుంది. తెలంగాణ 2021లో, ఒడిశా 2025లో ఇందులో చేరాయి. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా వేరే కార్డు ఇస్తున్నారు. ఇంట్లో పెద్దవారు ఉంటే వెంటనే చేయించండి.

ఒక జాగ్రత్త. రాష్ట్ర ప్రభుత్వం తన సొంత ఖర్చుతో చేర్చుకున్న కుటుంబాలకు వేరే రాష్ట్రంలో చికిత్స దొరుకుతుందని ముందుగానే నమ్మకం పెట్టుకోకూడదు. మీ కార్డు కేంద్ర పథకానిదా, రాష్ట్రానిదా అన్నది 14555 నంబరుకు ఫోను చేసి గానీ, ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను అడిగి గానీ బండి ఎక్కకముందే తెలుసుకోవాలి.

చిన్న ఊళ్ళలో నర్సింగ్ హోం నడుపుతున్న మన డాక్టర్లకూ ఒక మాట. సాధారణంగా పది పడకలు, రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటే ఈ పథకంలో చేరడానికి దరఖాస్తు చేయవచ్చు. బిల్లు సొంత రాష్ట్రపు రోగిదైతే 15 రోజుల్లో, వేరే రాష్ట్రపు రోగిదైతే 30 రోజుల్లో చెల్లించాలన్నది నియమం. కేస్ షీటు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు ఏ రోజువి ఆ రోజు ఎక్కించుకుంటేనే ఆ గడువు గురించి గట్టిగా అడగగలం.

మన పిల్లలకు దారులు

2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో మొదటి ఆరోగ్య, స్వస్థతా కేంద్రం ప్రారంభమైంది. 2023 నుంచి వీటిని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటున్నారు. ఒకప్పుడు టీకాలకు, గర్భిణుల పరీక్షలకు పరిమితమైన ఉపకేంద్రంలో ఇప్పుడు బి.పి., షుగరు, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు వంటివి కూడా తొలిదశలో పట్టుకోవాలి. ఈ పని చేసేది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు. ఈ పోస్టుకు బి.ఎస్సి. నర్సింగ్, జి.ఎన్.ఎం., ఆయుర్వేద డిగ్రీ వంటి చదువులతో పాటు ఆరు నెలల సామాజిక ఆరోగ్య సర్టిఫికెట్ శిక్షణ కావాలి. ఏ చదువుకు అవకాశం అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాబట్టి జిల్లా ఆరోగ్య మిషన్ ప్రకటనలు చూస్తూ ఉండాలి.

ఎం.బి.బి.ఎస్. వారికి ఇంకొక విషయం. ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పి.జి.లో ప్రత్యేక కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టు 31న తీర్పు చెప్పింది. తమిళనాడు డాక్టర్ల సంఘం వేసిన కేసులో వచ్చిన తీర్పు ఇది. పల్లెలో ఉద్యోగం చేస్తే పై చదువు ఆగిపోతుందనే భయం ఉన్నవారు తమ రాష్ట్రపు నిబంధన ఏమిటో చూసుకోవాలి.

భాష సంగతి మరువకండి. ఇంట్లో తెలుగు ఉన్నా, రాష్ట్ర భాష చదవడం, రాయడం రాకపోతే ఈ పోస్టులు చేజారతాయి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగానికి తమిళ పరిజ్ఞానం తప్పనిసరి. మిగిలిన రాష్ట్రాల్లోనూ స్థానిక భాష రాకుండా రోగితో పని జరగదు. రెండు భాషలూ వచ్చిన నర్సు ఉంటే, "గుండెల్లో పట్టేసినట్టుంది తల్లీ" అన్న ముసలమ్మ మాట డాక్టరుకు సరిగ్గా చేరుతుంది. ఇది మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఆస్తి.

ఈ నెలలోనే మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రెండు ప్రశ్నలు మర్యాదగా అడగండి. సమితి సమావేశం చివరిసారి ఎప్పుడు జరిగింది? ఏ పోస్టులు ఖాళీగా ఉన్నాయి? మొదటి ప్రశ్న ఆసుపత్రికి పనికొస్తుంది. రెండోదాని జవాబు మీ ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయికో, అబ్బాయికో పనికిరావచ్చు.