ముచ్చట తీరాక... మూగజీవి ఎక్కడికి?

కుక్కపిల్లను తెచ్చిన రోజు ఇల్లంతా పండగే. రాజన్నకు కోడెను కట్టిన రోజు మనసంతా తృప్తే. దారిపక్కన కోతికి అరటిపండు విసిరితే అదో పుణ్యం. అంతా బాగానే ఉంది. మరి ఆ మర్నాటి నుంచి వాటి సంగతేంటి? మూగజీవుల మీద మన ప్రేమ ఎంత గట్టిదో తేలేది తెచ్చిన రోజు కాదు, ఆ తర్వాతే!

వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడె మొక్కు గురించి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో తెలియనివారుండరు. పిల్లలు పుట్టాలనో, పంట పండాలనో, జబ్బు నయం కావాలనో మొక్కుకుంటారు. కోరిక తీరాక కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి స్వామి పేరున కట్టేస్తారు. టికెట్టు తీసుకుని ఆలయం కోడెతోనే మొక్కు చెల్లించేవారు కొందరు. ఇంట్లో పుట్టిన దూడను తెచ్చి శాశ్వతంగా స్వామికే అప్పగించేవారు మరికొందరు. అలా వచ్చినవన్నీ చేరేది తిప్పాపూర్‌లోని ఆలయ గోశాలకు.

2025 మే నెలాఖరులో ఆ గోశాల ఒక్కసారిగా వార్తల్లోకెక్కింది. కోడెలు ఒకదాని తర్వాత ఒకటి చనిపోయాయి. పట్టేవాటికంటే చాలా ఎక్కువ కోడెలు అక్కడున్నాయి. దానికి వానలు తోడయ్యాయి. కింద బురద, పడుకుందామంటే పొడి జాగా లేదు. బలహీనంగా ఉన్నవి ముందు కూలబడ్డాయి. అధికారులు కదిలారు. పశువైద్యులు రంగంలోకి దిగారు. ఆ తర్వాత, వ్యవసాయానికే వాడుకోవాలన్న షరతు మీద రైతులకు కోడెలను ఉచితంగా పంచే పని కూడా చేపట్టారు.

ఈ కథలో ఒక్క గోశాలనే వేలెత్తి చూపితే సరిపోదు. అసలు అన్ని కోడెలు అక్కడికి ఎందుకు చేరాయి? ఒకప్పుడు మగదూడ పుడితే రైతుకు సంబరం. రెండుమూడేళ్లలో అది నాగలికి, బండికి అక్కరకొచ్చేది. ఇప్పుడు దుక్కి దున్నేది ట్రాక్టరు. ఆవు పాలకోసమే. అందులోనూ సంకరజాతి ఆవుకు మగదూడ పుడితే ఇంటికి బరువే. అమ్ముదామంటే మనసొప్పదు, ఉంచుకుందామంటే గడ్డి ఖర్చు. అలాంటప్పుడు దేవుడికి అప్పగించడం తేలికైన దారిగా కనిపిస్తుంది. భక్తి ఉంటుంది, భారమూ దిగుతుంది.

కానీ పసిదూడకు ఆ లెక్కలు తెలియవు. పుట్టిన కొద్ది వారాల వరకూ దానికి పాలే ఆధారం. గడ్డిని నెమరువేసి అరిగించుకునే శక్తి కడుపుకు మెల్లమెల్లగా వస్తుంది. తల్లి పొదుగు నుంచి తప్పించిన దూడను వందల పశువుల మధ్య వదిలేస్తే గడ్డి ముందు నిలబడి కూడా పస్తులుండాల్సిందే. మొక్కు తీర్చుకున్నవారికి ఆ రోజుతో పని అయిపోతుంది. దూడకు అసలు కష్టం మొదలయ్యేది అప్పుడే.

పొలాల పండగ చెప్పే పాఠం

ఇదే ప్రాంతంలో దీనికి భిన్నమైన ఆచారమూ ఉంది. కరీంనగర్ దాటి ఉత్తరానికి వెళ్తే ఆదిలాబాద్. మహారాష్ట్ర సరిహద్దు పల్లెల్లో శ్రావణ అమావాస్యకు జరిగే పొలాల పండగ పూర్తిగా ఎడ్లదే. ఆ రోజు వాటికి కాడి కట్టరు. చెరువుకో వాగుకో తోలుకెళ్లి శుభ్రంగా కడుగుతారు. కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి, వీపున జూలు కప్పి, ఊళ్లోని హనుమంతుడి గుడికి తీసుకెళ్తారు. ఇంట్లో చేసిన పిండివంటలు ముందు ఎడ్లు తినాలి, తర్వాతే ఇంటిల్లిపాది.

అయితే ఈ పండగలో గొప్పదనం రంగుల్లో లేదు. ఏడాదంతా కొట్టంలో పెట్టుకుని సాదిన జీవానికి ఏడాదికోసారి చెప్పే కృతజ్ఞత అది. మిగతా రోజుల మేత, నీళ్లు, వైద్యం లేకపోతే ఆ ఒక్కరోజు కొమ్ములకు పూసిన రంగుకు అర్థమే లేదు. పశువైనా, పెంపుడు కుక్కైనా సూత్రం ఒక్కటే.

రామగుండం ఎండలో హస్కీ!

పట్నాల్లో కోడె స్థానంలో ఇప్పుడు కుక్కపిల్ల వచ్చింది. పుట్టినరోజు కానుకగా కొందరు, పక్కింట్లో ఉందని కొందరు, సెల్‌ఫోన్లో వీడియో చూసి ఇంకొందరు తెచ్చేస్తున్నారు. ఆ తెచ్చేది ఎలాంటి జాతి, ఎక్కడి వాతావరణానికి అలవాటు పడిందన్నది మాత్రం ఎవరూ అడగరు.

సైబీరియా మంచులో బండ్లు లాగిన హస్కీని తెచ్చి, మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో డాబామీద కట్టేస్తే ఏమవుతుంది? మనిషిలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడిని తగ్గించుకుంటుంది. ఒత్తుగా బొచ్చుండే జాతులకు అదీ చాలదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌లాంటి వాటికి మామూలు రోజుల్లోనే ఊపిరి కష్టం, ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. ఆపకుండా రొప్పడం, చొంగ కార్చడం, తూలడం, వాంతులు... ఇవి వడదెబ్బ లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.

నడక విషయంలోనూ అంతే. పెద్దపల్లిలోనో మంచిర్యాలలోనో మధ్యాహ్నం తారురోడ్డు మీద అరచేయి ఆనించి చూడండి. మీరు అయిదు సెకన్లు ఉంచలేకపోతే మీ కుక్క పాదాలకూ అది పెనమే. ఉదయం, పొద్దుగూకాక తీసుకెళ్తే సరి.

ఇక టీకాలు. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ లాంటి వ్యాధుల టీకాలు మొదలుపెట్టాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్లు. నట్టల మందు మరిచిపోకూడదు. ఏటా జులై 6న జునోసిస్ దినోత్సవం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్, కుక్క కరిచిన ఓ తొమ్మిదేళ్ల బాలుడికి తొలిసారిగా రేబిస్ టీకా వేశాడు. ఆ తేదీ అలా వచ్చిందే.

వీధిలో ఉన్నది ఎవరి కుక్క?

ముచ్చట తీరిపోయాకో, జబ్బు చేశాకో, ఇల్లు మారేటప్పుడో పెంపుడు కుక్కను ఊరిచివర దించేసి వచ్చేవారున్నారు. ఆడకుక్క ఈనితే పిల్లల్ని సంచిలో వేసి సంతలో వదిలేవారూ ఉన్నారు. కుక్క రెండునెలలు మోస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. ఒక్క కాన్పులో నాలుగైదు పిల్లలు మామూలే. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించని ఒక్క కుక్కను వదిలేస్తే రెండుమూడేళ్లలో ఆ వీధి పరిస్థితి ఏమిటో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు.

ఆ లెక్క తప్పినప్పుడు మూల్యం చెల్లించేది పసిపిల్లలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోవడం రాష్ట్రాన్ని కుదిపేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల బాధ ముందు ఏ వాదనా నిలవదు. మరోవైపు కుక్కల మీద కోపం విషంగా మారిన ఘటనలూ చూశాం. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి, జగిత్యాల జిల్లాల పల్లెల్లో వీధికుక్కలను పెద్దసంఖ్యలో చంపారన్న ఆరోపణలపై పోలీసు కేసులు నమోదయ్యాయి.

చంపితే సమస్య తీరుతుందా? తీరదు. ఖాళీ అయిన చోట చెత్తకుప్ప అలాగే ఉంటే పక్క ఊరి కుక్కలు వచ్చి చేరతాయి. వాటికి టీకా ఉందో లేదో తెలియదు. అందుకే 2023 నాటి కేంద్ర నిబంధనలు పట్టుకోవడం, శస్త్రచికిత్స, రేబిస్ టీకా, తిరిగి అక్కడే వదలడం అన్న పద్ధతిని నిర్దేశించాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగతావాటికి ఇదే పద్ధతి అంది. తిండి పెట్టాలనుకుంటే అందుకు కేటాయించిన చోటే పెట్టాలని చెప్పింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తరలించి షెల్టర్లలో ఉంచాలని ఆదేశించింది. ఆగస్టు ఉత్తర్వులో మరో ముఖ్యమైన మాటా ఉంది. వీధికుక్కను దత్తత తీసుకున్నవారు అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాలి. తెచ్చుకున్నాక వదిలేయడానికి లేదన్నమాట!

చట్టం సంగతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పెంపుడు జంతువును ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు! అదే చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత కింద అయిదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. వదిలేసేవాణ్ని యాభై రూపాయల భయం ఆపలేదు. ఆపాల్సింది మనస్సాక్షే.

కోతికి పండు విసిరితే...

దయ కూడా ఆలోచించి చూపాల్సిందేనని నిర్మల్ చెబుతుంది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన నిర్మల్ దగ్గర, చించోలి గ్రామ సమీపంలోని గండి రామన్న హరితవనంలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైంది. దక్షిణాదిలో అలాంటిది అదే మొదటిది. ఊళ్లమీద పడుతున్న కోతులను పట్టి తెచ్చి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, కోలుకున్నాక అడవిలో వదలడం దాని ఉద్దేశం.

అడవిలో ఉండాల్సిన కోతి ఊళ్లోకి ఎందుకొచ్చింది? పండ్లచెట్లు తగ్గడం ఒక కారణం. కారు అద్దం దించి మనం విసిరే అరటిపండ్లు, బిస్కెట్లు మరో కారణం. చేతికందే తిండికి అలవాటుపడ్డ కోతి అడవిలో వెతుక్కోవడం మానేస్తుంది. రోడ్డు మీదకొచ్చి బండ్ల కింద పడుతుంది, లేదంటే రైతు మక్కచేను మీద పడుతుంది. పండు విసిరినవాడు హాయిగా వెళ్లిపోతాడు. నష్టం రైతుకు, కష్టం కోతికి.

కాపాడాలనుంటే...

మూగజీవులకు సాయం చేయడానికి పెద్ద షెల్టరే కట్టక్కర్లేదు. గాయపడ్డ కుక్క కనిపిస్తే ముందు దాని బాధను అర్థం చేసుకోవాలి. నొప్పితో ఉన్నది మంచిదైనా కరుస్తుంది. మెల్లగా, పక్కనుంచి దగ్గరకెళ్లి పాత దుప్పటి కప్పాలి. స్పృహ లేనిదానికి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గట్టి అట్టమీదో పలక మీదో పడుకోబెట్టి పశువైద్యశాలకు తరలించాలి. ఆవులు, బర్రెలు, మేకలు, గొర్రెలకు కష్టమొస్తే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. జింక, నెమలి, కొండచిలువలాంటి అడవి జీవాలైతే చేయి పెట్టకుండా అటవీశాఖ సిబ్బందికి చెప్పాలి.

హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్‌లాంటి సంస్థలకు విరాళాలిచ్చేవారున్నారు. జిల్లాల్లో సొంత డబ్బుతో, రెండు చేతులతో ఈ పని చేసే కుర్రాళ్లకు అంత అండ దొరకదు. ఫోన్ చేసి 'ఇక్కడో కుక్క పడుంది, తీసుకుపోండి' అని పెట్టేస్తే వాళ్లకు మరో బరువే పెంచినట్టు. మందుల బిల్లులో కొంత భరించండి. కోలుకునే పది రోజులు మీ వరండాలో చోటివ్వండి. పాత దుప్పట్లు, పాత పేపర్లు కూడా వాళ్లకు అక్కరకొచ్చేవే. సంక్రాంతి వెళ్లాక చెట్లకు చిక్కుకున్న మాంజా దారాలు తీసేసినా ఎన్నో పక్షులను కాపాడినట్టే.

ఎంత ప్రేమున్నా ఒక జాగ్రత్త మరవొద్దు. కుక్క కరిచినా, గోరు గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసర్లు పూయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తిచేయాలి. 'ఇంట్లో కుక్కే కదా' అన్న ధీమా వద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం.

ఇంటికి తెచ్చేముందు...

* కుక్క పది, పదిహేనేళ్లు బతుకుతుంది. ఇవాళ అయిదో తరగతి చదివే మీ బాబు ఉద్యోగానికి వెళ్లేనాటికీ అది ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు చూసేదెవరు?

* రోజూ రెండుపూటలా నడిపించే తీరిక ఉందా? సెలవులకు ఊరెళ్తే ఎవరికి అప్పగిస్తారు?

* నెలనెలా తిండికి, ఏటా టీకాలకు, జబ్బుచేస్తే వైద్యానికి డబ్బు పక్కన పెట్టగలరా?

* ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? చాకిరీ అంతా అమ్మమీదే పడదు కదా?

* కొనే బదులు వీధిలోని కుక్కపిల్లను తెచ్చుకోగలరా? ఇక్కడి ఎండకు, వానకు తట్టుకునే గుణం దానికి పుట్టుకతోనే ఉంది.

* రామచిలుక, నక్షత్ర తాబేలు కావాలని పిల్లలు అడుగుతున్నారా? వాటిని ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ మాట వాళ్లకు ఇప్పుడే చెప్పండి.

ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి 'ఏమో' అన్న జవాబొచ్చినా కొన్నాళ్లు ఆగడమే మంచిది. తేకపోవడం కూడా ఒక్కోసారి ప్రేమే. తిప్పాపూర్ గోశాల నుంచి కోడెను తోలుకెళ్లిన రైతుకు అది రాజన్న ఇచ్చిన ప్రసాదం. ఆ ప్రసాదానికి రేపు పొద్దున గడ్డి వేయాలి, కుడితి పెట్టాలి. ఎల్లుండీ పెట్టాలి. మొక్కైనా, ముచ్చటైనా అసలు తీరేది అక్కడే!