ఊరి జ్వరాల లెక్క

కాలవలకు నీళ్లు వదిలి సార్వా ఊడ్పులు మొదలయ్యేసరికి గోదావరి జిల్లాల్లో వానలు పడతాయి. వానల వెనకే జ్వరాలూ వస్తాయి. ఒక ఇంట్లో పిల్లాడికి ఒళ్లు కాలిపోతుంది. పక్కింట్లో ముసలమ్మకు విరేచనాలు. వెనక వీధిలో ఒకామెకు కళ్లు పచ్చబడతాయి. ఎవరి బాధ వాళ్లది. ఎవరి ఖర్చు వాళ్లది.

ఒక ఇంట్లో జ్వరం వస్తే అది ఆ ఇంటి సంగతి. అదే వారంలో పది ఇళ్లలో అదే జ్వరం వస్తే అది ఊరి సంగతి. కాని పది ఇళ్లనూ కలిపి చూసేదెవరు? ఇంట్లోవాళ్లకు తమ ఇల్లే కనపడుతుంది. ఆ పది ఇళ్లవాళ్లూ వెళ్లే చోటు ఒకటుంది. అది డాక్టరు గది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఊరంతా ఒకరి వెనక ఒకరుగా కనపడుతుంది. అందుకే అంటురోగాల జాడ పట్టాలంటే డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లను లెక్కపెడతారు. దీనికి 'వ్యాధి నిఘా' అని పేరు. నిఘా అంటే పోలీసుల మాటలా ఉంటుంది. ఇక్కడ పట్టుకోవలసిన దొంగ మనిషి కాదు, రోగం.

లెక్క ఎలా కడతారు?

ఆస్పత్రికి వెళ్లగానే ఓ.పి. చీటీ రాస్తారు. పేరు, వయసు, ఊరు, తేదీ. లోపల డాక్టరు గారు బాధ ఏమిటని అడుగుతారు. ఎన్నాళ్ల నుంచి అని అడుగుతారు. ఇవన్నీ పుస్తకంలో ఎక్కుతాయి. మందు ఇవ్వడానికి ఊరి పేరు ఎందుకు అనిపిస్తుంది. మందుకు అక్కర్లేదు. లెక్కకు కావాలి.

ఒక ఊరు అనుకుందాం. అందులో 4 పేటలు. విరేచనాలతో రోజుకు ఒకరో ఇద్దరో ఆస్పత్రికి రావడం అక్కడ మామూలే. సోమవారం 2 మంది వచ్చారు. మంగళవారం 5 మంది. బుధవారం 11 మంది. పుస్తకంలో ఊరి పేరు పక్కన పేట పేరు కూడా ఉంది. చూస్తే 11 మందిలో 9 మందిది ఒకే పేట. వెళ్లి చూశారు. ఆ పేటకు పోయే మంచినీళ్ల పైపు మురుగు కాలవలోంచి వెళ్తోంది. పైపు పగిలింది. కుళాయి ఆగినప్పుడల్లా పగులులోంచి మురుగు లోపలికి చేరుతోంది.

ఇది బుధవారమే తెలిస్తే ఆ కుళాయి ఆపేస్తారు. ట్యాంకరుతో నీళ్లు తెస్తారు. పైపు బాగుచేసి, నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. కుళాయి నీళ్లను చిన్న సీసాలో పట్టి, మందు చుక్కలు వేసి చూస్తారు. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతే లేనట్టు.

పేట పేరు రాయలేదనుకోండి. అప్పుడు ఊరందరికీ బిళ్లలు పంచుతారు. పగిలిన పైపు మాత్రం అలాగే ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎంత మంది వస్తే ఎక్కువ? ఆ ఊళ్లో మామూలుగా ఎంత మంది వస్తారో తెలిస్తేనే ఈ వారం ఎక్కువో కాదో తెలుస్తుంది. అంటే రోగాలు లేని రోజుల్లో కూడా పుస్తకం రాయాలి. విసుగు పుట్టించే పనే. కాని వానాకాలంలో అక్కరకు వచ్చేది ఎండాకాలంలో రాసిన ఆ లెక్కే.

డాక్టరే కనిపెట్టిన సంగతి

ఇంగ్లండులో వెన్స్లీడేల్ అనే లోయ ఉంది. అక్కడి పల్లెలకు విల్లియం పికిల్స్ అనే కుటుంబ డాక్టరు ఉండేవాడు. ఆయనకు పెద్ద ఆస్పత్రి లేదు. ప్రయోగశాల లేదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ రోజు ఏ రోగం వచ్చిందో రాసుకోవడం ఆయన అలవాటు. ఆ పట్టీలు రాయడంలో భార్య సాయం చేసేది. 1929లో ఆ పల్లెల్లో పచ్చకామెర్లు వచ్చాయి. అప్పటికి ఆ రోగం ఎలా పాకుతుందో, ఎన్నాళ్లకు బయటపడుతుందో సరిగా తెలియదు. పికిల్స్ తన పట్టీ తీసి చూశాడు. రోగంతో ఉన్న ఒక అమ్మాయి ఊరి ఉత్సవానికి వెళ్లింది. ఉత్సవం అయిన సుమారు నెలకు మరికొందరికి కళ్లు పచ్చబడ్డాయి. ఈ రోగం ఒంట్లో దాదాపు నెల దాగి ఉండి బయటపడుతుందని అలా తేలింది. ఆ లెక్కలతో ఆయన 1939లో ఒక పుస్తకం రాశాడు. పల్లెటూరి డాక్టరు రాసుకున్న కాగితాలు ఊళ్లనే కాదు, చదువుకున్న డాక్టర్లను కూడా మార్చాయి.

మన పక్కనే ఇలాంటి పని జరిగింది. తమిళనాడులో వేలూరు చుట్టుపక్కల ప్రాంతాన్ని అప్పట్లో నార్త్ ఆర్కాట్ జిల్లా అనేవారు. మన చిత్తూరుకు ఆనుకునే ఉంటుంది. 1980లలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టరు జాకబ్ జాన్, ఆయన తోటివాళ్లు ఆ జిల్లా డాక్టర్లకు అచ్చు వేసిన పోస్టు కార్డులు ఇచ్చారు. సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ఫలానా రోగం కనపడగానే కార్డు రాసి డబ్బాలో వేయాలి. వచ్చిన కార్డులను ఒకచోట చేర్చి, ఏ రోగం ఎక్కడ ఉందో నెలనెలా డాక్టర్లందరికీ తిరిగి తెలియజేసేవారు. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు పలికితే 'నది' అని వినిపిస్తుంది. కార్డు రాసిన డాక్టరుకు జవాబు రావడమే అందులో అసలు కీలకం. జవాబు రాని ఉత్తరం ఎవరూ రెండోసారి రాయరు.

తర్వాత 2004లో మన దేశంలో 'సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం' మొదలైంది. ఇందులో మూడు రకాల ఫారాలు ఉన్నాయి. ఊళ్లో తిరిగే నర్సమ్మ నింపేది ఒకటి. డాక్టరు నింపేది ఒకటి. రక్తం, నీళ్లు పరీక్ష చేసే లేబరేటరీది ఒకటి. మొదట్లో ఇవి కాగితాల మీద వారానికోసారి జిల్లా ఆఫీసుకు వెళ్లేవి. 2018లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 7 రాష్ట్రాల్లో, 2021లో దేశమంతటా ఈ లెక్క కంప్యూటరులోకి మారింది. ఇప్పుడు ఏ రోజు లెక్క ఆ రోజు ఎక్కించవచ్చు.

నర్సమ్మ ఎందుకు అన్ని ప్రశ్నలు అడుగుతుంది?

జ్వరం వచ్చి 7 రోజులు దాటిందా, దాటలేదా? ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా? ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం వస్తోందా? మాట తడబడుతోందా? ఫిట్స్ వచ్చాయా? దగ్గు 2 వారాలు దాటిందా?

ఇవి ఊసుపోక అడిగేవి కావు. ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో అనుమానం ఉంది. జ్వరంతో రక్తం కనపడితే డెంగ్యూ అనుమానం. దద్దుర్లు ఉంటే తట్టు కావచ్చు. జ్వరంతో స్పృహ తప్పితే మెదడువాపు కావచ్చు. వారం దాటినా తగ్గని జ్వరం టైఫాయిడ్ కావచ్చు. వారాల తరబడి దగ్గు ఉంటే క్షయ అనుమానంతో కఫం పరీక్ష చేస్తారు. ఇవి అనుమానాలే. ఖాయం చేసేది పరీక్ష. కాని ఒకే పేటలో నలుగురికి ఒకే అనుమానం వచ్చిందంటే పరీక్ష ఫలితం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోరు. దోమల మందు కొట్టడం, నిలవ నీళ్లు పారబోయించడం ముందే మొదలుపెడతారు.

ఏలూరులో ఏం జరిగింది?

2020 డిసెంబరు 5. అప్పటికి ఏలూరు పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్య పట్టణం. 2022లో అదే ఒక జిల్లా అయింది. ఆ రోజు వన్‌టౌన్ వైపు నుంచి మనుషులను ఒకరి తర్వాత ఒకరిని సర్కారు ఆస్పత్రికి తెచ్చారు. బాగా నడుస్తున్న మనిషి కళ్లు తిరిగి పడిపోవడం, ఫిట్స్ రావడం. పిల్లలూ ఉన్నారు, పెద్దలూ ఉన్నారు. కొద్ది రోజుల్లో ఆ సంఖ్య 500 దాటింది. ఒకరు చనిపోయారు. అవి కరోనా రోజులు. ఇదేదో కొత్త అంటురోగమని జనం హడలిపోయారు.

అప్పుడు దారి చూపింది ఈ లెక్కే. ఎవరికి వచ్చింది? ఏ వీధి? ఏ రోజు? ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా? చూస్తే మనిషి నుంచి మనిషికి పాకినట్టు లేదు. కరోనా పరీక్ష చేస్తే కరోనా కాదు. చాలామంది తొందరగానే తేరుకుని ఇళ్లకు వెళ్లారు. అంటురోగమైతే ఇలా ఉండదు. ఇక వెతుకులాట నీళ్ల మీదికి, కూరగాయల మీదికి, పాల మీదికి, రక్తం మీదికి మళ్లింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని నిపుణులు ఆ నెలలోనే చెప్పారు. అంటురోగం కాదని తెలియడం కూడా చిన్న సంగతి కాదు. ఒకరి ఇంటికి ఒకరు వెళ్లడానికి భయపడవలసిన పని తప్పింది.

పుస్తకంలో ఎక్కని జ్వరాలు

ఇంత ఏర్పాటు ఉన్నా లెక్కలో పెద్ద కన్నాలున్నాయి.

మొదటిది, ఊళ్లో జ్వరం రాగానే పిలిచేది ఆర్.ఎం.పి.ని. రాత్రి 10 గంటలకైనా వస్తాడు. డబ్బులు తర్వాత ఇమ్మంటాడు. అందుకే జనం వదలరు. కాని ఆయన వైద్య కళాశాలలో చదివిన డాక్టరు కాదు. ఆయన సూది వేసిన జ్వరం సర్కారు పుస్తకంలో ఎక్కదు. పేటలో 20 మంది పడుకున్నా జిల్లా ఆఫీసులో ఆ పేట చల్లగా ఉన్నట్టే కనపడుతుంది. ప్రైవేటు ఆస్పత్రులు కూడా లెక్క పంపాలి. కొన్ని పంపుతాయి, కొన్ని పంపవు.

రెండోది ఇంకా పెద్దది. ఊడ్పుల్లో ఒకరోజు మానేస్తే కూలి పోతుంది. అందుకని జ్వరం మాత్ర ఒకటి మింగి చేలో దిగే ఆడవాళ్లు ఎంతమందో. ఇంటాయనకు జ్వరం వస్తే బండి మీద ఆస్పత్రికి. పిల్లాడికి వస్తే ఎత్తుకుని ఆస్పత్రికి. తనకు వస్తే 'అదే తగ్గుతుందిలే'. అలా తగ్గిన జ్వరం, తగ్గని జ్వరం ఏ పుస్తకంలోనూ లేవు. ఆ ఊరి ఆడవాళ్లకు జ్వరమే రాలేదని లెక్క చెబుతుంది. ఇది అబద్ధపు లెక్క. రాసినవాళ్ల తప్పు కాదు, చెప్పుకోని అలవాటు తప్పు.

డాక్టరే ఊరికి వస్తే ఈ కన్నం కొంత పూడుతుంది. ఆ ఆలోచనతోనే ఆంధ్రప్రదేశ్‌లో 'ఫ్యామిలీ డాక్టర్' పద్ధతిని 2022 అక్టోబరులో ప్రయోగంగా చేసి చూశారు. 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు 2 సార్లు ఊరికి రావాలని అందులో పెట్టారు. డాక్టరు రాని రోజుల్లో ఆశా కార్యకర్తకు చెప్పినా లెక్కలో చేరుతుంది. కరోనా కాలంలో వాళ్లు ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడిగి రాసుకున్నది ఇందుకే.

పేరు రాయించుకుంటే ఇంటిని వేలెత్తి చూపుతారని కొందరికి భయం. కరోనా రోజుల్లో అలా జరిగింది కూడా. అయితే రోగం జాడ తీసేవాళ్లకు కావలసింది మనిషి పరువు కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందికి అన్నదే కావాలి.

తేదీ ఎందుకంత ముఖ్యం?

రోగం ఒంట్లో చేరిన రోజు వేరు, బయటపడిన రోజు వేరు. కలరా అయితే కొన్ని గంటల నుంచి 5 రోజుల లోపల బయటపడుతుంది. కాబట్టి నిన్న, మొన్న ఏ నీళ్లు తాగారని అడుగుతారు. డెంగ్యూ దోమ కుట్టాక సుమారు 4 నుంచి 10 రోజులకు జ్వరం వస్తుంది. టైఫాయిడ్‌కు సాధారణంగా ఒకటి, రెండు వారాలు. పచ్చకామెర్లకు కొన్ని వారాలు. అందుకే కళ్లు పచ్చబడిన మనిషిని 'కిందటి నెల ఏ పెళ్లిలో భోంచేశావమ్మా?' అని అడుగుతారు. వెర్రి ప్రశ్నలా ఉంటుంది. పికిల్స్ ఉత్సవం సంగతి తెలిస్తే అలా అనిపించదు.

ఆస్పత్రికి వెళ్లిన రోజు పుస్తకంలో ఎలాగూ పడుతుంది. జ్వరం మొదలైన రోజు చెబితేనే పడుతుంది. చాలా ఇళ్లలో పాల లెక్క రాసే కాలెండరు గోడకు ఉంటుంది. ఒళ్లు వెచ్చబడిన రోజు ఆ తేదీ మీద ఒక గీత గీసి, పక్కన పేరు రాస్తే చాలు. డాక్టరు గారు 'ఎన్నాళ్ల నుంచమ్మా?' అని అడిగితే, 'ఏమోనండీ, నాలుగైదు రోజులైంది' అనక్కర్లేదు. 'ఆదివారం సాయంత్రం నుంచండీ. మా రేవు వీధిలోనే ఇంకో ముగ్గురికి ఉంది' అని చెప్పవచ్చు. అప్పుడు ఆస్పత్రికి వెళ్లింది గురువారమైనా, పుస్తకంలో ఆదివారం పడుతుంది. దాని పక్కన రేవు వీధి పడుతుంది.