కూరగాయల బండి ఇంజిన్ మిస్సింగ్ అవుతోందా? సామాను మార్చే ముందు కారణం కనుక్కోండి

బడంగ్‌పేట్, బాలాపూర్, శంషాబాద్, మహేశ్వరం ప్రాంతాల్లో ఆకుకూరలు, కూరగాయలు, పూలు పండించే చిన్న రైతులు చాలామంది పాత పెట్రోలు కారులోనో, చిన్న వ్యాన్‌లోనో సరుకు వేసుకుని తెల్లవారుజామున సరూర్‌నగర్ రైతుబజారుకో, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కో వెళ్తుంటారు. దారిలో బండి వణుకుతూ ఆగిపోతే నష్టం మెకానిక్ ఖర్చుతో పోదు. కొత్తిమీర, పాలకూర ఎండకు వాడిపోతాయి, ఆలస్యంగా చేరిన సరుకుకు ధర పడిపోతుంది. అందుకే ఇంజిన్ మిస్సింగ్ గురించి రైతులు కొంత తెలుసుకుని ఉండాలి. ఇక్కడ చెప్పేది పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకు సంబంధించినది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు కనుక దాని పరీక్షలు వేరు.

మిస్సింగ్ అంటే ఏమిటి?

సిలిండర్‌లో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం సరైన సమయంలో మండకపోవడమే మిస్సింగ్. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 1500 సార్లు మండాలి. మూడు సిలిండర్ల బండిలో ఒకటి పనిచేయకపోతే మిగతా రెండే బరువంతా లాగాలి. మండటానికి మూడు కావాలి: నిప్పురవ్వ, తగిన పాళ్లలో గాలి-పెట్రోలు, సిలిండర్‌లో ఒత్తిడి (కంప్రెషన్). లోపం ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

లక్షణాలు

- బండి నిలబెట్టినప్పుడు ఇంజిన్ వణకడం, సైలెన్సర్ నుంచి తెగి తెగి శబ్దం రావడం.
- లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులు, పికప్ తగ్గడం.
- మైలేజీ పడిపోవడం, పొగలో పచ్చి పెట్రోలు వాసన.
- డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలగడం.

ఈ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే బండిని పక్కకు తీసి ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ పాడైతే ప్లగ్గుతో పోయే ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది.

వరుసగా చేయవలసిన పరీక్షలు

పురుగును గుర్తించకుండా మందు కొడితే డబ్బు పోతుంది, పురుగు అలాగే ఉంటుంది. బండి విషయమూ అంతే. ఒకేసారి ప్లగ్గులు, కాయిల్, ఇంజెక్టర్లు అన్నీ మార్చవద్దు.

1. కంటితో చూడండి. షెడ్డులో పెట్టిన బండికి ఎలుకల బెడద ఎక్కువ. అవి కొరికిన వైర్లు, ఊడిన కనెక్టర్లు, పగిలిన గాలి గొట్టాలు వెతకాలి. గొట్టం పగిలితే 'స్‌స్' మని గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి.

2. స్కానర్ పెట్టించండి. కొత్త తరం బండ్లలో స్టీరింగ్ కింద దీనికి సాకెట్ ఉంటుంది. పి0301 అని వస్తే ఒకటో సిలిండర్‌లో, పి0302 అయితే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ ఉన్నట్టు. పి0300 అంటే ఒక సిలిండర్‌కు పరిమితం కాలేదు. గాలి లీకు, పెట్రోలు ఒత్తిడి, కల్తీ పెట్రోలు వంటివి చూడాలి. కోడ్ ఏ సిలిండరో చెబుతుంది, ఏ సామాను పాడైందో చెప్పదు.

3. ప్లగ్గు రంగు చూడండి. ఇంజిన్ బాగా చల్లారాక, చుట్టూ మట్టి ఊదేసి ప్లగ్గు విప్పాలి. లేత గోధుమ రంగు ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ లేదా గాలి తక్కువ. నూనె జిడ్డు ఉంటే రింగులు, వాల్వ్ సీళ్లు అరిగి ఉండవచ్చు. తెల్లగా కాలినట్టుంటే పెట్రోలు తక్కువ అందుతోంది లేదా ఇంజిన్ వేడెక్కుతోంది.

4. స్థానం మార్చి చూడండి. ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ ఉన్న బండిలో ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి, దానిది దీనికి మార్చాలి. కోడ్ పి0301 నుంచి పి0302 కు మారితే కాయిల్‌దే లోపం. మారకపోతే ప్లగ్గును కూడా అలాగే మార్చి చూడాలి. దీనికి కొత్త సామాను కొననక్కర్లేదు.

5. అప్పటికీ తేలకపోతే మెకానిక్ చేత ఇంజెక్టర్, కంప్రెషన్ పరీక్షలు చేయించాలి. కంప్రెషన్ తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి.

సీఎన్‌జీ మీద మిస్సింగ్ వచ్చి పెట్రోలు మీద బాగుంటే ముందుగా ప్లగ్గులు, కాయిల్ చూడాలి. గ్యాస్‌ను మండించడానికి బలమైన రవ్వ కావాలి కనుక అరిగిన ప్లగ్గు లోపం అక్కడే ముందు బయటపడుతుంది. గ్యాస్ పైపులు, సిలిండర్ జోలికి సొంతంగా పోకూడదు.

జాగ్రత్తలు

- ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకి చూడవద్దు. వేల వోల్టుల కరెంటు షాక్ కొడుతుంది, కాయిల్ కూడా పాడవుతుంది.
- కొత్త ప్లగ్గును ముందు చేత్తోనే మర వెంట తిప్పాలి. అడ్డంగా బిగిస్తే హెడ్ మరలు పోతాయి.
- ప్లగ్గు నంబరు, గ్యాప్ బండి పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి.
- వానాకాలంలో లోతట్టు దారుల్లో నిలిచిన నీటిలోంచి బండి పోనివ్వవద్దు. కాయిల్, వైర్లు తడిస్తే మిస్సింగ్ వస్తుంది. ఇంజిన్ కడిగేటప్పుడు కూడా ప్లగ్గుల మీద నీళ్లు కొట్టవద్దు.
- ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది కనుక బండిని నెలల తరబడి కదపకుండా ఉంచవద్దు.
- మార్చిన పాత సామాను మెకానిక్ దగ్గర అడిగి తీసుకోండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చారో పంట ఖర్చుల పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించి రాసుకోండి. మళ్లీ మిస్సింగ్ వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.