ఆ అనుమతి కాగితం ఊరివాళ్లూ చూడొచ్చు

2020 మే 7. తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం గాఢనిద్రలో ఉండగా స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్లలోకి చొరబడింది. ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ఒక నిల్వ ట్యాంకు వేడెక్కడంతో మొదలైన ఆ ప్రమాదం పన్నెండు మంది ప్రాణాలు తీసింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఊపిరాడక పరుగులు తీసినవాళ్లు కొందరు రోడ్డు మీదే కుప్పకూలారు. ఊరిని లేపాల్సిన సైరన్ మోగనే లేదు.

లాక్‌డౌన్ వల్ల కదలిక లేకుండా ఉండిపోయిన స్టైరీన్‌ను చల్లగా ఉంచడంలో, ఉష్ణోగ్రతను కొలవడంలో లోపాలు ఉన్నాయని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. అయితే అంతకు ముందే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇళ్ల నడుమ ఆ ట్యాంకులు నడపడానికి ఇన్నేళ్లూ ఎవరు, ఏం చూసి అనుమతులిచ్చారు?

ఆ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. అప్పటికది ఊరి శివారు. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చేనాటికి నగరం అటువైపు పెరుగుతోంది. క్రమంగా ఇళ్లు ప్రహరీ దాకా వచ్చాయి. తమ ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి లేదని 2019 మేలో కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. అయినా రాష్ట్రస్థాయి అనుమతులతో ఉత్పత్తి సాగింది. ఆ తర్వాత ఏడాదికే ఈ ఘోరం. అనుమతి లేకుండా నడవనిచ్చిన అధికారులు ఎవరో తేల్చి చర్య తీసుకోవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జూన్‌లో ఆదేశించింది.

ఇంతకీ ఈ అనుమతులేమిటి? 1981 నాటి వాయు కాలుష్య నియంత్రణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, గాలిని కలుషితం చేసే పరిశ్రమ ఏదైనా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోవాలి. కట్టడానికి ముందు ఒకటి, నడపడానికి ముందు మరొకటి. అధికారులు వాటిని సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. ఏ పొగగొట్టం నుంచి ఏది ఎంత మోతాదు మించకూడదో, ఏ యంత్రాలు పెట్టాలో సీఎఫ్ఓలోనే ఉంటుంది. గడువు తీరినప్పుడల్లా రెన్యువల్ చేయించుకోవాలి.

పెద్ద పరిశ్రమ కొత్తగా వచ్చేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి, సభలో నమోదైన విషయాలను అక్కడే చదివి వినిపించాలి. షామియానా కింద గొడవలు, పోలీసు బందోబస్తు తెలుగు జిల్లాలకు పాత అనుభవమే. అయినా ఊరి మాట రికార్డులోకి ఎక్కే చోటు అదొక్కటే. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. పరిశ్రమ నడక మొదలయ్యాక సీఎఫ్ఓ రెన్యువల్‌కు ఏ సభా ఉండదు. ఈలోగా చుట్టూ కాలనీలు, బడులు వెలిసినా రెన్యువల్ మాత్రం కంపెనీకీ మండలికీ మధ్య నడిచే వ్యవహారమే.

మరి ఊరి చేతిలో ఏమీ లేదా? చాలామందికి తెలియని హక్కొకటి ఉంది. వాయు చట్టంలోని 51వ సెక్షన్ ప్రకారం, సమ్మతి పొందిన పరిశ్రమల రిజిస్టరును మండలి నిర్వహించాలి. ఒక్కో పరిశ్రమకు పెట్టిన ఉద్గార పరిమితులు అందులో ఉండాలి. ఆ పరిమితుల వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా పనివేళల్లో వెళ్లి దాన్ని చూడొచ్చు. 43వ సెక్షన్ కింద, అరవై రోజుల ముందు నోటీసిచ్చి పౌరులే కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు తన దగ్గరున్న నివేదికలను అడిగినవారికి మండలి ఇవ్వాలి. రాష్ట్ర మండలిలో స్థానిక సంస్థల సభ్యులను ఐదుగురి దాకా నియమించే వీలు 5వ సెక్షన్‌లో ఉంది. కానీ ఒక ఫ్యాక్టరీ రెన్యువల్‌పై ఆ వార్డు కార్పొరేటరో, ఆ ఊరి సర్పంచో మాట్లాడే వీలు చట్టం కల్పించలేదు.

కాగితం చూడటం సగం పనే. గాలిని కొలవాలి. ఎక్కువ కాలుష్యం కలిగించే పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. కానీ అవి కొలిచేది ప్రధానంగా పొగగొట్టంలోని గాలిని. వెంకటాపురంలో విషం వచ్చింది ట్యాంకు నుంచి.

తమిళనాడులోని కడలూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల గ్రామస్థులు 2004లో గాలిని కొలిచే పని తామే మొదలుపెట్టారు. కంపు ఎప్పుడు, ఏ వైపు నుంచి వచ్చిందో పుస్తకంలో రాసుకున్నారు. ప్లాస్టిక్ బకెట్‌లో ప్రత్యేకమైన సంచి అమర్చి, ఆ క్షణంలోనే గాలిని పట్టి ప్రయోగశాలకు పంపారు. విష రసాయనాలు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అంతకుముందు వాసన మాత్రమే అని కొట్టిపారేసిన ఫిర్యాదుకు ఆధారం దొరికింది.

అమెరికాలో చమురుశుద్ధి కర్మాగారాలు తమ సరిహద్దు కంచె దగ్గరే బెంజీన్‌ను కొలవాలని 2015లో నిబంధన తెచ్చారు. రెండు వారాలకో నమూనా తీయాలి. వార్షిక సగటు ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతికి సరిదిద్దాలి. ఆ అంకెలు ప్రజలందరికీ అందుబాటులో ఉంటాయి.

మన దగ్గర 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం, వాయు చట్టంలోని చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. శిక్ష భయం తగ్గినప్పుడు నిఘా పెరగాలి. ఇళ్లకు ఆనుకుని ఉన్న పరిశ్రమల విషయంలో రెన్యువల్‌కు నెల ముందు దరఖాస్తును తెలుగు సారాంశంతో వార్డు కార్యాలయంలోనో, పంచాయతీలోనో పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. ప్రహరీ దగ్గర కొలిచిన అంకెలు గేటు బయట బోర్డు మీద కనబడాలి. సైరన్ మోగించి చూసే కసరత్తు ఊరిని కలుపుకుని జరగాలి. సమ్మతికి షరతులు జోడించే అధికారం 21వ సెక్షన్ కింద మండలికి ఇప్పటికే ఉంది. విశాఖలోనైనా, పటాన్‌చెరులోనైనా రేపు బల్ల మీదికి వచ్చే రెన్యువల్ ఫైలుతోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.