సేంద్రియం సరే, సంచి నిండేదెలా?

రెట్టింపు ధర పెట్టి ఆర్గానిక్ సరుకు కొనలేని మధ్యతరగతి ఇల్లు ఏం చేయాలి? జవాబు సూపర్ మార్కెట్ అరల్లో కన్నా వారాంతపు సంతలో, ఇంటి పెరట్లో, ఇరుగుపొరుగుతో కుదుర్చుకున్న ఒప్పందంలో ఎక్కువగా దొరుకుతోంది.

హైదరాబాద్‌లో ఏ పెద్ద సూపర్ మార్కెట్‌కు వెళ్లినా పప్పుల దగ్గర ఒకే సరుకు రెండు వేషాల్లో కనిపిస్తుంది. ఒకవైపు మామూలు కందిపప్పు. దాని పక్కనే ఆకుపచ్చ ముద్రతో, మట్టిరంగు సంచిలో ఆర్గానిక్ కందిపప్పు. ధరలో తేడా తరచూ ఒకటిన్నర రెట్లు, కొన్నిసార్లు రెట్టింపు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, బండి వాయిదా పోగా మిగిలిన డబ్బుతో నెలకు సరిపడా వెచ్చాలు తెచ్చుకునేవారు రెండో సంచిని ఓసారి తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టేస్తారు.

అది పిసినారితనం కాదు. 2022-23లో కేంద్రం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో సగటున ఒక మనిషి నెల ఖర్చు 6,459 రూపాయలు. అందులో తిండికి పోయేది 39 శాతం. అంటే నలుగురున్న ఇంట్లో పాలు, గుడ్లు, చిరుతిళ్లు, బయటి భోజనం అన్నీ కలిపి తిండి ఖర్చు పది వేల రూపాయల చిల్లర. ఇది సగటు మాత్రమే. ఇంతకన్నా తక్కువతో నెట్టుకొచ్చే ఇళ్లు కోకొల్లలు. పల్లెల్లో మొత్తం ఖర్చే తక్కువ, అందులో తిండి వాటా 46 శాతం. ఇలాంటి ఇంటి చేత సరుకులన్నీ ఆర్గానిక్‌కు మార్పిస్తే నెలకు మరో ఐదు వేలో, పది వేలో కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి?

చాలామంది విషయంలో అవి పళ్లెంలోంచే వస్తాయి. అసలు ప్రమాదం ఇక్కడుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అవసరం. నలుగురికి నెలకు 48 కిలోల కూరగాయలన్న మాట. కిలో సగటున 40 రూపాయలు అనుకుంటే 1,920 రూపాయలు. అదే 80 అయితే 3,840. కూరగాయలకు రెండు వేలకు మించి పెట్టలేని ఇల్లు ముద్ర ఉన్న సరుకే కొంటానని పట్టుబడితే వచ్చేది పాతిక కిలోలే. ఒక్కొక్కరి వాటా రెండు వందల గ్రాములకు పడిపోతుంది. పప్పు కూడా పలచబడుతుంది.

కూరగాయలు తగినంత తినడం వల్ల మేలు ఉందన్నది ఎవరూ కాదనని విషయం. మామూలు వంకాయ కన్నా ఆర్గానిక్ వంకాయలో పోషకాలు ఎక్కువన్నది మాత్రం అంత గట్టిగా రుజువు కాలేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి 2012లో తేల్చింది కూడా అదే: పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, పురుగుమందుల అవశేషాలు ఉండే అవకాశం మాత్రం ఆర్గానిక్‌లో తక్కువ. కాబట్టి బడ్జెట్ బిగుతుగా ఉన్న ఇంట్లో కూర పరిమాణం తగ్గించి ముద్ర కొనడం నష్టపు బేరం.

అలాగని మందుల భయం వట్టిదేమీ కాదు. కేంద్ర వ్యవసాయ శాఖ పర్యవేక్షణ పథకం కింద 2018-19లో దేశవ్యాప్తంగా 23,660 ఆహార నమూనాలను పరీక్షిస్తే 19.1 శాతంలో అవశేషాలు బయటపడ్డాయి, 2.2 శాతంలో అవి అనుమతించిన పరిమితిని మించాయి. రెండు శాతమేగా అని సరిపెట్టుకోవచ్చు. కానీ రోజూ మూడు పూటలా తినే ఇంట్లో, ముఖ్యంగా చిన్నపిల్లలున్న చోట, రెండు శాతం తీసిపారేసే అంకె కాదు. ఇందులో మరో మెలిక ఉంది. 2014-15 నివేదికలో ఆర్గానిక్ దుకాణాల నుంచి తీసుకున్న కొన్ని నమూనాల్లోనూ అవశేషాలు దొరికాయి. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన నిశ్చింత దొరకదన్న మాట.

కనుక అన్నీ మార్చడం, ఏదీ మార్చకపోవడం అనే రెండు దారుల మధ్య మూడోది వెతుక్కోవాలి. ఏ పంట ఎంత మందు తాగుతుందో తెలిస్తే ఆ దారి దానంతటదే కనిపిస్తుంది. మన దగ్గర మందు ఎక్కువగా కొట్టే ఆహార పంటల్లో మిరప ముందుంటుంది. కూరగాయల్లో వంగ, బెండ, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆ వరసలోవే. కంద, చేమ, గుమ్మడి, అరటికాయ, మునగ లాంటివి సాధారణంగా అంత మందు అడగవు. కొర్రలు, సామలు, జొన్నలు మెట్ట పొలంలో మందు వాసన తెలియకుండానే పండుతాయి. కాబట్టి పెట్టగలిగిన అదనపు డబ్బును మొదటి వరస మీద పెట్టి, రెండో వరసను మామూలు సంతలోనే కొనుక్కోవడం తెలివైన పని. నెలకు అరకిలో కారం, వంద గ్రాముల పసుపు వాడే ఇంట్లో ఆ రెంటినీ సేంద్రియానికి మారిస్తే అదనంగా పడేది నూటయాభై రూపాయలు అటూ ఇటూ. అదే మార్పు బియ్యంలో చేస్తే వేలల్లో పడుతుంది. పైగా కేంద్ర పథకం కింద 2024 జనవరి నుంచి ఐదేళ్ల పాటు ఉచితంగా అందుతున్న రేషన్ బియ్యాన్ని వదులుకుని మరీ ఆ ఖర్చు నెత్తిన పెట్టుకోవాలి. బియ్యంలో అవశేషాలు ఉంటే ఎక్కువగా తవుడు పొరలోనే ఉంటాయి. అందువల్ల ఆర్గానిక్ బియ్యం కొనాల్సిన అవసరం ఎవరికైనా ఉందంటే అది దంపుడు బియ్యం తినేవారికే.

పసుపు మాటకొస్తే పొరుగు దేశం అనుభవం ఒకటి చెప్పుకోవాలి. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు కోసం సీసం కలిసిన లెడ్ క్రోమేట్ రంగు పూస్తున్నారని 2019లో పరిశోధకులు బయటపెట్టారు. అక్కడి ఆహార భద్రతా సంస్థ దాడులు, ప్రచారం రెండూ చేపట్టింది. 2021 నాటికి మార్కెట్ నమూనాల్లో ఆ కల్తీ దాదాపు మాయమైంది. మిలమిల మెరిసే కొమ్ముల కన్నా మట్టి అంటుకున్న మొరటు కొమ్ములే నయం. వాటి ధర కూడా తక్కువే.

ఇంకో చిన్న విషయం కరివేపాకు. కూరలో వేసి పక్కకు తీసేసేదే కదా అనుకుంటాం. కానీ అవశేషాల కారణంగా యూరోపియన్ యూనియన్ మన దేశపు కరివేపాకు మీద ప్రత్యేక తనిఖీలు పెట్టింది. దీనికి విరుగుడు దుకాణంలో లేదు. పెరట్లో ఒక మొక్క, పెరడు లేకపోతే బాల్కనీలో ఒక పెద్ద కుండీ చాలు. పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనాలదీ అదే దారి. కేరళ ప్రభుత్వం ఏటా ఓణం పండుగకు ముందు ఇంటింటికీ కూరగాయల విత్తనాలు పంచి ఈ పనినే పెద్ద ఎత్తున చేయిస్తోంది. ఇక కొన్న కూరలను పారే నీళ్లలో బాగా కడగడం, ఉప్పు నీళ్లలోనో చింతపండు నీళ్లలోనో కాసేపు నానబెట్టడం వల్ల పైపైన ఉన్న మందు కొంత పోతుంది. మొక్క లోపలికి ఇంకిన మందు మాత్రం పోదు.

అసలు ధర ఎందుకింత ఎక్కువ? పొలంలో ఖర్చు పెరగడం వల్ల కాదు. జీవామృతమే తీసుకుంటే ఎకరానికి కావలసింది 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, కొన్ని లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. వీటిలో దుకాణం నుంచి తెచ్చేవి బెల్లం, పప్పు పిండి మాత్రమే. అప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి జనగామ జిల్లాలో ఉన్న ఎనబావి అనే చిన్న ఊరు 2000 దశకం మధ్యలో రసాయనాలను పూర్తిగా మానేయడానికి కారణం నగరవాసుల ఆరోగ్యం కాదు. 1997-98లో పత్తి రైతుల ఆత్మహత్యలను చూసిన జిల్లా అది. మందుల దుకాణంలో పెరిగే బాకీ అక్కడి రైతుకు ప్రాణాంతకమని వారికి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. యాభై పైచిలుకు ఇళ్ల ఆ ఊరికి సేంద్రియం ముందు ఖర్చు తగ్గించే ఉపాయం. మార్కెట్ తర్వాత వచ్చింది.

ఖర్చు పెరిగేది పొలం దాటాకే. పాత పొలం కొత్త పద్ధతికి మారేటప్పుడు మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గవచ్చు. ఎగుమతి ప్రమాణాల కింద ధ్రువీకరణ కావాలంటే ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు ఆగాలి, తనిఖీ సంస్థకు రుసుము కట్టాలి. సరుకు తక్కువ కాబట్టి లారీ నిండదు, కిలోకు రవాణా ఎక్కువ పడుతుంది. పొగబెట్టని పప్పుకు పురుగు పడుతుంది, ఆ నష్టాన్నీ ధరలో కలుపుతారు. ఆ మీద ప్యాకింగ్, బ్రాండ్, ఏసీ దుకాణం అద్దె. వినియోగదారుడు ఎక్కువగా చెల్లించే డబ్బులో రైతుకు చేరేది కొంతే.

ఆ మధ్య మెట్లను ఎన్ని తగ్గిస్తే అంత లాభం. హైదరాబాద్‌లో సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడ్పాటుతో ఏర్పడిన సహజ ఆహారం సంస్థ రైతు సహకార సంఘాల సరుకును నేరుగా నగరానికి తేవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. కుటుంబాలు కూడా ఈ పని చేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు ఇళ్లు కలిస్తే, కంది కోతలయ్యాక రైతు సంఘం నుంచి బస్తా తెప్పించి పంచుకోవచ్చు. పురుగు భయానికి మందు మన అమ్మమ్మలకు తెలుసు: బాగా ఎండబెట్టి, పప్పుకు కాస్త ఆముదం పట్టించి, డబ్బాలో నాలుగు ఎండు వేపాకులు వేయడం.

నమ్మకం సంగతేమిటి? ఇక్కడ చట్టం చిన్న రైతుకు కొంత వెసులుబాటు ఇచ్చింది. 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న ఉత్పత్తిదారు నేరుగా వినియోగదారుడికి అమ్మితే ధ్రువీకరణ తప్పనిసరి కాదు. ఆదివారం సంతలో ముద్ర లేకుండా కూర్చున్న రైతు దొంగ కానక్కర్లేదు. ముద్రే కావాలనుకునే వారికి రైతులు బృందంగా ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి ఉంది, దానికి ఖర్చు స్వల్పం. ఇందులో పూర్తిగా మారిన పొలానికి పీజీఎస్ ఆర్గానిక్, మార్పు దశలో ఉన్న పొలానికి పీజీఎస్ గ్రీన్ అని రెండు గుర్తులు. రెండోది చాలామంది పట్టించుకోరు కానీ బిగుతు బడ్జెట్‌కు అనువైనది అదే. మందు అప్పటికే మానేసిన సరుకు, పూర్తి ఆర్గానిక్ ధర ఇంకా పడని సరుకు. ఏ గుర్తూ లేని చోట అడగాల్సిన ప్రశ్నలు రెండే: ఊరేది, ఇప్పుడు పొలంలో ఏముంది? మండు వేసవిలో కాలీఫ్లవర్‌తో సహా అన్ని కూరలూ నిగనిగలాడుతూ అమ్మే ఆర్గానిక్ బండిని అనుమానించడంలో తప్పు లేదు.

విచిత్రమేమంటే రసాయనం తగలని తిండి మొదటి నుంచీ బీదవాడిదే. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళితులు, 1990లలోనే బీడు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊళ్లోనే నిల్వ చేసి, పేద కుటుంబాలకు చవకగా అందించే సొంత రేషన్ వ్యవస్థ నడిపారు. పొలాల్లో ఎవరూ విత్తకుండా మొలిచే ఆకుకూరలను తిండిగా గుర్తించమని వాదించిందీ వారే. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం దక్కింది. నగరంలో అవే కొర్రలు, జొన్నలు ఇప్పుడు అందమైన పొట్లాల్లో సంపన్నుల ఆరోగ్య ఆహారం.

ప్రభుత్వాలు హడావిడి పడితే ఏమవుతుందో శ్రీలంక చూపింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే ఆపేసి, పంట దెబ్బతిని, ఆ నవంబరుకే వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది ఆహార ద్రవ్యోల్బణం 90 శాతం దాటింది. విదేశీ మారక సంక్షోభం దానికి పెద్ద కారణమే అయినా, ఆ నిషేధం తన వంతు తాను జోడించింది. సిక్కిం 2003లో మొదలుపెట్టి పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకోవడానికి 2016 దాకా ఆగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం లక్షల రైతులను చేరి 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. అదే ఏడాది కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది.

ఇవన్నీ ప్రధానంగా పండించే వారి కోసం. కొనే వారి వైపు ఉన్నది చాలా తక్కువ. ఇందుకు కొత్త కట్టడాలేమీ అక్కర్లేదు. దళారీ లేకుండా రైతే అమ్ముకునే ఏర్పాటుగా 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతు బజార్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటి ముందు రోజువారీ ధరల బోర్డులూ ఉన్నాయి. ప్రతి బజారులో మందు కొట్టని కూరలకు నాలుగు దుకాణాలు కేటాయించి, ఆ బోర్డు మీద మామూలు వంకాయ ధర పక్కనే ఆ వంకాయ ధరా రాస్తే, తేడా పది రూపాయలా నలభయ్యా అన్నది సంచి పట్టుకొచ్చిన మనిషికి అక్కడే తెలిసిపోతుంది.