బియ్యం బస్తా దగ్గర మొదలయ్యే లెక్క

బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నవాళ్లు మొదట అడిగేది ‘ఏం మానేయాలి?’ అని. అన్నమా, రాత్రి తిండా, నూనెనా? ఈ ప్రశ్నతో మొదలైన పట్టుదల ఎక్కువ కాలం నిలవడం కష్టం. మానేసిన దాని చోట ఏం తినాలో ఎవరూ ముందుగా అనుకోరు, ఆకలేమో వేళకు వచ్చేస్తుంది. ఖైరతాబాద్, నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాల్లో ఆఫీసులకు, దుకాణాలకు వచ్చే ఉద్యోగి రోజు చూడండి. పొద్దున బండి దగ్గర దోశ, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మీల్స్, సాయంత్రం ఇరానీ చాయ్‌తో రెండు ఉస్మానియా బిస్కెట్లు, ట్రాఫిక్ దాటి ఇల్లు చేరాక తొమ్మిదిన్నరకు కడుపునిండా అన్నం. ఇందులో ఏ ఒక్కటీ తప్పు తిండి కాదు. ఏదీ ముందుగా అనుకుని తిన్నది కాకపోవడమే చిక్కు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వారిలో తెలంగాణ ఆడవాళ్లు 30.1 శాతం, మగవాళ్లు 32.3 శాతం ఉండాల్సినదాని కంటే ఎక్కువ బరువున్నారు. ఇంతమంది ఒక్కసారిగా తిండిపోతులైపోయారంటే నేను నమ్మను. కంచం ముందు కూర్చున్నాక నిగ్రహం చూపడం ఎవరికైనా కష్టమే. ఆ నిర్ణయం నెల సరుకుల చీటీ రాసేటప్పుడే జరిగిపోవాలి.

అందుకు కావలసిన కొలతలు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. అది 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు పచ్చి సరుకుల బరువులు ఇచ్చింది. బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పల్లీల వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి 27 గ్రాములు. ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదంటుంది ఆ పుస్తకం. మన దేశంలో వాస్తవంగా వస్తున్నది 50 నుంచి 70 శాతం. పప్పు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి 14 శాతం దాకా ఇవ్వాల్సింది 6 నుంచి 9 శాతమే ఇస్తున్నాయి. అంటే మన కంచంలో అన్నపు రాశి పెద్దది, పప్పు గరిటె చిన్నది.

గ్రాముల్లో చెబితే ఎవరికీ చేతికి అందదు కనుక నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి లెక్క కడదాం. నెలకు ధాన్యం 30 కిలోలు. ఇందులో బియ్యంతో పాటు ఇడ్లీ రవ్వ, గోధుమపిండి, సేమ్యా, బ్రెడ్డు అన్నీ లెక్కలోకి వస్తాయి. నూనె మూడున్నర లీటర్లు. బయట తిన్న బజ్జీ, బిర్యానీలో పోసిందీ అందులోనిదే. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 10 కిలోలు. ఇక్కడ చాలా ఇళ్ల చీటీలు తేలిపోతాయి. రెండు కిలోల కందిపప్పు, ఒక కిలో పెసరపప్పు, ఆదివారం కోడి కూర, దానితో సరి. కూరగాయలు వారానికి 11 కిలోలు, అదీ ఆలుగడ్డ కాకుండా. ఈ లెక్క చూసి గృహిణులు నమ్మలేకపోతే ఆశ్చర్యం లేదు. కానీ మెహదీపట్నం రైతుబజారులో ఆనపకాయ, బీరకాయ, గోకరకాయ, రెండు మూడు కట్టల తోటకూర, పాలకూర కొని తూకం వేస్తే సంచి నిండటానికి ఎంతో సేపు పట్టదు. మీ ఇంటి చీటీని ఈ లెక్క పక్కన పెట్టి చూసుకుంటే బరువు ఎక్కడి నుంచి వస్తోందో చాలావరకు అక్కడే కనిపిస్తుంది.

ఇక తగ్గడం సంగతి. వారానికి అరకిలో తగ్గడం క్షేమమని పోషకాహార సంస్థ చెబుతుంది. దానికి రోజుకు దాదాపు 500 కేలరీలు తగ్గాలన్నది పాత అంచనా. నెలలు గడిచేకొద్దీ ఒళ్లు సర్దుకుని ఆ వేగం మందగిస్తుంది. ఇప్పుడు తినేదానిలో రోజుకు 80 గ్రాముల బియ్యం తగ్గిస్తే సుమారు 280, మూడు టీ స్పూన్ల నూనె తగ్గిస్తే 135, రెండు చాయ్‌లలో చక్కెర మానేస్తే 80. మొత్తం 495. దీనికి బదులుగా ఒక గుప్పెడు పప్పు, రెండు గరిటెల కూర కలిపితే 100 దాకా తిరిగి వస్తాయి, రానివ్వండి. ఆ కలిపిందే మధ్యాహ్నం నాలుగింటికి ఆకలిని ఆపేది. బియ్యం కొలిచే గ్లాసును ఒక్కసారి కిరాణా కొట్టు కాటా మీద నింపి తూయిస్తే చాలు, ఆపైన కంటి కొలత పనికొస్తుంది. పప్పును చింతపండు నీళ్లతో పలచగా పప్పుచారు చేయకుండా ముద్దపప్పుగానో గంగవాయిలి కూర పప్పుగానో చేస్తే అదే గరిటెలో ఎక్కువ పప్పు పడుతుంది.

అన్నమే శత్రువు, జొన్నరొట్టెకో చిరుధాన్యాలకో మారితే చాలుగా అని అడుగుతారు. జొన్నరొట్టె తెలంగాణ తిండే, పీచు ఎక్కువ, నమలాలి, కడుపు నిలుస్తుంది. మారడం మంచిదే. కానీ వంద గ్రాముల బియ్యంలో, గోధుమల్లో, జొన్నల్లో ఉండే కేలరీలు ఇంచుమించు ఒకటే. రెండు కప్పుల అన్నం చోట నాలుగు రొట్టెలు వస్తే ఒంటికి తేడా తెలియదు. ఒక పూట పూర్తిగా మానేస్తే సరిపోదా అన్నది ఇంకో మాట. 2022లో అచ్చయిన ఒక అధ్యయనంలో చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులు 139 మందికి ఏడాది పాటు ఒకే మోతాదు కేలరీలు ఇచ్చారు. కొందరు రోజులో ఎనిమిది గంటల్లోపే తినాలి, మిగతావాళ్లకు వేళల నియమం లేదు. ఏడాది తర్వాత రెండు వర్గాల తేడా చెప్పుకోదగ్గంత లేదు. పూట మానడం కొందరికి తేలిక కావచ్చు, అలాంటివారు చేసుకోవచ్చు. ఫలితం ఇచ్చేది మాత్రం మొత్తం మోతాదే.

అందరికంటే న్యాయమైన అభ్యంతరం వండేవాళ్లది. ఇంట్లో ఒకరి కోసం వేరే వంట ఎవరు చేస్తారు? చేయనక్కర్లేదు. పోపుకు స్పూను కొలత పెట్టుకుంటే అది అందరికీ మేలే. పెరిగే పిల్లలకు అన్నం తగ్గించకూడదు, వాళ్లకు గరిటెలు మామూలుగానే పడాలి, తగ్గాల్సిన వాళ్లకే కూర ముందు, అన్నం తర్వాత వడ్డించాలి. పొద్దున వండేటప్పుడే మధ్యాహ్నం డబ్బా కట్టేస్తే మీల్స్ హోటల్లో మారు అన్నం అడిగే అవసరం రాదు. డబ్బా కుదరని వాళ్లు అక్కడే పప్పు, కూర మారు అడిగి అన్నం ఒక్కసారికే ఆపవచ్చు. రోజంతా ఒళ్లు వంచే కూలీలకు ఈ కోతలు వర్తించవు. 2014లో నాంపల్లి సరాయి దగ్గర మొదలైన అయిదు రూపాయల భోజనం వాళ్ల ఆకలి కోసం పెట్టింది. పండుగల మాటకొస్తే, ఖైరతాబాద్ గణపతి రోజుల్లో ప్రసాదం వద్దనడం, రంజాన్‌లో హలీం ముట్టకపోవడం ఏ చీటీలోనూ రాయకూడదు. సాధారణంగా ఏటా జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శన జరుగుతుందని అందరికీ తెలుసు. వెళ్లే సాయంత్రం ముందే ఖాయమైతే, అక్కడే తింటారు కనుక ఆ రాత్రి ఇంట్లో అన్నం వండకుండా ఉండవచ్చు.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో తీసుకునేవారు అన్నం తగ్గిస్తే చక్కెర పడిపోవచ్చు. కిడ్నీ జబ్బున్నవారు పప్పు పెంచకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తగ్గే ప్రయత్నమే పెట్టుకోకూడదు. వీరంతా ముందు డాక్టరును అడగాలి. రోజుకు 1000 కేలరీల లోపుకు ఎవరూ సొంతంగా దిగకూడదు. మిగతావాళ్లు వారానికోసారి, ఒకే రోజున, పొద్దున ఏమీ తినకముందు బరువు చూసుకుని, టేపుతో నడుము కొలుచుకోవాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము మన దేశంలో ముప్పు కిందే లెక్క. నాలుగు వారాలైనా రెండు అంకెలూ కదలకపోతే మొదట చూడాల్సింది బయట తిన్న నూనెను, ఆ తర్వాత బియ్యం గ్లాసును.