ఆకలి లెక్క మెదడులో ఉంది!

పొద్దున్నే చక్కెర వ్యాధికి ఇన్సులిన్ సూది వేసుకున్నారు. ‘ఎల్లారెడ్డి చేరాక తిందాంలే’ అనుకుని కామారెడ్డిలో బస్సెక్కారు. బస్సు ఆలస్యమైంది. దారిలో ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి! పక్కవారు వడదెబ్బ అనుకోవచ్చు. కాని అది మీ మెదడు కొట్టిన ప్రమాద ఘంట. రక్తంలో చక్కెర పడిపోతున్నదని దాని అర్థం.

ఈ కాపలాదారు మెదడు అడుగున ఉంటుంది. బాదంగింజంత ఉండే ఆ భాగాన్ని హైపోథాలమస్ అంటారు. ఆకలికి దీనితో సంబంధం ఉందని గట్టిగా నిరూపించిన వారిలో మన దేశీయుడు డాక్టర్ బి.కె. ఆనంద్ ఒకరు. ఆయన 1951లో అమెరికాలో బ్రోబెక్‌తో కలిసి ఎలుకలపై పరిశోధన చేశారు. హైపోథాలమస్‌కు రెండు ప్రక్కలా ఉన్న చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, ఎదుట మేత ఉన్నా ఎలుకలు ముట్టలేదు!

హైపోథాలమస్‌లో కొన్ని కణాలు ‘తిను’ అంటాయి, మరికొన్ని ‘ఇక చాలు’ అంటాయి. వీటికి కబుర్లు ఒంటి నిండా నుంచీ వస్తాయి. ఖాళీ కడుపు ఒక హార్మోనును పంపుతుంది. పేగులు, క్లోమం తమ కబురు పంపుతాయి. ఒంట్లో కొవ్వు ఎంత నిలవ ఉందో లెప్టిన్ అనే హార్మోను చెబుతుంది. దీనిని 1994లో కనుగొన్నారు. కొన్ని కణాలు రక్తంలోని చక్కెరను స్వయంగా పసిగడతాయి. అది తగ్గితే నరాల ద్వారా కబురు పంపి, కాలేయంలో నిలవ ఉన్న చక్కెరను విడుదల చేయిస్తాయి.

ఈ లెక్క తప్పితే? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో సహజంగానే స్థూలకాయంతో పుట్టిన ఎలుకలను గురించి డాక్టర్ ఎన్.వి. గిరిధరన్, సహచరులు 1996లో వెల్లడించారు. వాటి రక్తంలో లెప్టిన్ దండిగా ఉంది. అయినా అవి అతిగా తింటాయి. కబురు వస్తున్నా మెదడు వినిపించుకోవడం లేదన్నమాట! లావుగా ఉన్న మనుషులలో చాలామంది పరిస్థితీ ఇంచుమించు ఇదే. పైగా పస్తులుండి బరువు తగ్గితే, మెదడు దాన్ని కరువుగా భావించి ఆకలిని పెంచుతుంది, ఒంటి ఖర్చును తగ్గిస్తుంది. కనుక ఇంట్లో లావుగా ఉన్న పిల్లను ‘తిండిపోతు’ అని దెప్పకండి. దెప్పినంత మాత్రాన ఆకలి తగ్గదు.

మరి ఏం చేయాలి? మెదడుకు అనుకూలంగా నడుచుకోవాలి. నిదానంగా, నమిలి తినండి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చు. రెండోసారి అన్నం పెట్టుకునే ముందు కాస్త ఆగండి. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు పెంచండి. రాత్రి చాలినంత నిద్రపోండి. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది. రోజూ నడవండి.

కామారెడ్డి బెల్లానికి పేరున్న ఊరు. ‘బెల్లం చక్కెరలాంటిది కాదు, పరవాలేదు’ అని చాలామంది నమ్మకం. అది పొరపాటు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది.

ఇన్సులిన్ గాని, ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించే మాత్రలు గాని వాడేవారు మందు వేసుకుని భోజనం మానకండి. ప్రయాణంలో చక్కెర పొట్లం దగ్గర ఉంచుకోండి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగండి. తగ్గాక ఏదైనా తినండి. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఏళ్ళ తరబడి వ్యాధి ఉన్నవారిలో, తరచు చక్కెర పడిపోయేవారిలో ఆ ఘంట మోగడమే మానేయవచ్చు. చెమట, వణుకు లేకుండానే స్పృహ తప్పుతుంది. అందుకే ఎప్పుడైనా చక్కెర పడిపోతే మీ డాక్టరుతో తప్పక చెప్పండి. మందు మోతాదును ఆయన సవరిస్తారు. ఈసారి బస్సెక్కే ముందు నాలుగు ఇడ్లీలు తినే బయలుదేరండి!